పోగు నుంచి పువ్వు దాకా

ఉద్దేశం

శ్రీకాకుళం జిల్లా పొందూరులో తయారయ్యే సన్నఖాదీని ఆధారంగా చేసుకొని, వస్త్రం మీద పువ్వు ఏ విధంగా రూపుదిద్దుకొంటుందో తెలియజేయడం, చేతిపనిలో దాగి ఉన్న లెక్కను, ఓర్పును, శ్రమను విద్యార్థులు గుర్తించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సంస్కృతంలో 'పటం' అంటే వస్త్రం. వస్త్రం మీద బొమ్మలు చిత్రించే ఆచారం వల్ల ఆ మాటకు చిత్రమనే అర్థం కూడా ఏర్పడింది. నేడు మనం గోడకు తగిలించుకొనే పటంలో వస్త్రం లేకపోయినా పేరు మాత్రం నిలిచి ఉంది. అట్లాగే 'సూత్రం' అంటే దారం. విస్తారమైన శాస్త్రవిషయాన్ని కొద్ది మాటలలో బంధించే వాక్యం కూడా సూత్రమే. ఇక తెలుగులో 'అల్లిక' అనే మాట బుట్టకూ, జడకూ ఎట్లా చెల్లుతుందో కవిత్వానికీ అట్లాగే చెల్లుతుంది. అల్లసాని పెద్దన కవితను మెచ్చుకోవడానికి తెలుగువారు ఎన్నుకొన్న మాట అల్లికే. నేతపని మన పూర్వుల జీవితంలో ఎంతగా కలిసిపోయిందో తెలుసుకోవడానికి ఈ మాటలే సాక్ష్యం.

చీర చెంగు మీది పువ్వును చూసి ముచ్చటపడతాం. అయితే ఆ పువ్వు అక్కడికి ఎట్లా వచ్చిందని ఆలోచించేవారు తక్కువ. అచ్చుతో అద్దిన పువ్వు ఒక రకం. సూదితో కుట్టిన పువ్వు మరొక రకం. ఈ రెండూ వస్త్రం పూర్తయిన తరువాత దానిపై చేరేవి. వస్త్రంతో పాటే పుట్టి, దానితో పాటే పెరిగే పువ్వు వేరొకటి ఉన్నది. దానిని అద్దలేము, అతికించలేము. పోగు తరువాత పోగుగా లెక్కపెట్టి నిలబెట్టాలి. ఆ పువ్వు కథ తెలుసుకోవాలంటే ముందుగా పోగు కథ తెలుసుకోవాలి.

పొందూరు పరిచయం

హౌరా - చెన్నై రైలుమార్గంలో, విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి దాటి శ్రీకాకుళం వైపు సాగితే పొందూరు వస్తుంది. చూడడానికి సాధారణమైన ఊరు. అయినా దీని పేరు దేశమంతటా వినిపించడానికి కారణం ఇక్కడి స్త్రీలు వడికే సన్ననూలు.

1921లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరిగేటట్లు చేయాలని తీర్మానించింది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఖద్దరు అంటే ముతక వస్త్రమనే అభిప్రాయం జనంలో ఉండేది. చేతితో వడికిన నూలుతో కూడా మృదువైన, పలుచని వస్త్రం నేయవచ్చునని పొందూరు నిరూపించింది. గాంధీజీ ఈ వస్త్రాన్ని చూసి అబ్బురపడి, దాని తయారీని పరిశీలించి రమ్మని తన కుమారుడు దేవదాస్ గాంధీని పంపారని ఇక్కడివారు నేటికీ గర్వంగా చెప్పుకొంటారు. 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. వడికేవారికి పత్తిని అందించడం, నూలును సేకరించడం, నేతగాండ్రకు పని కల్పించడం, వస్త్రాన్ని అమ్మడం వంటి పనులను ఒక తాటిపైకి తెచ్చింది ఇటువంటి సంఘమే.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. చేనేత వస్త్రమంతా ఖాదీ కాదు. మిల్లు నూలును తెచ్చి చేతిమగ్గం మీద నేసినా అది చేనేతే. ఖాదీ అనిపించుకోవాలంటే నూలు కూడా చేతితో వడికినదై ఉండాలి. 1956నాటి ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్ చట్టం చెప్పే నిర్వచనంలోని సారాంశం ఇదే. అంటే ఖాదీలో మగ్గానికి ఎంత ప్రాధాన్యం ఉన్నదో రాట్నానికీ అంత ప్రాధాన్యం ఉన్నది.

పత్తి నుంచి పోగు

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పండిన కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి వంటి దేశవాళీ రకాలు పొందూరు నూలుకు ఆధారం. ఈ పత్తి పింజ పొట్టిది. యంత్రాలు పొడుగు పింజను కోరుకొంటాయి. పొట్టి పింజను సన్నని పోగుగా మలచడం మాత్రం చేతికే చెల్లింది.

మొదట పత్తిలోని ఆకునలుసులను, చెత్తను చేతితో ఏరివేస్తారు. తరువాత గింజలతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ మీద సన్నని పళ్ళు దగ్గరదగ్గరగా, వరుసగా ఉంటాయి. వాటి గుండా లాగినప్పుడు పీచులన్నీ ఒకే దిశకు మళ్ళుతాయి. నలుసులు, పీచు తునకలు రాలిపోతాయి. ఇంత పదునుగానూ ఇంత సుకుమారంగానూ పనిచేసే దువ్వెనను చేప దవడలో కనుగొన్న పూర్వుల పరిశీలన మెచ్చుకోదగినది.

ఆపై చెక్కపలక మీద పత్తిని పరచి, సన్నని ఇనుపకడ్డీని దొర్లించి గింజలను వేరుచేస్తారు. గింజ తీసిన పత్తిని చిన్న విల్లుతో ఏకుతారు. ఏకిన దూదిని కడ్డీకి చుట్టి సన్నని వత్తులుగా చేస్తారు. వీటినే ఏకులు అంటారు. ఏకులు నలిగిపోకుండా, దుమ్ము పట్టకుండా ఎండిన అరటిదొప్పలో దాచుకొంటారు. ఏకు కొసను కదురుకు తగిలించి, ఒక చేత రాట్నం తిప్పుతూ మరొక చేత ఏకును మెల్లగా వెనుకకు లాగితే పోగు పుడుతుంది. లాగడం ఎక్కువైతే పోగు తెగుతుంది. తక్కువైతే లావవుతుంది. పురి చాలకపోతే బలం ఉండదు. పురి మించితే మెలిపడుతుంది. ఈ నాలుగింటి నడుమ సమతూకాన్ని ఏ కొలతబద్దా చూపదు. వడికే స్త్రీ వేళ్ళకు మాత్రమే అది తెలుసు.

సన్నదనానికి కొలత

నూలు సన్నదనాన్ని 'కౌంటు' అనే సంఖ్యతో చెబుతారు. 840 గజాల నూలు ఒక చుట్ట అనుకొంటే, ఒక పౌను బరువుకు అటువంటి చుట్టలు ఎన్ని తూగుతాయో అది అన్ని కౌంట్ల నూలు. సంఖ్య పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది. పొందూరుకు పేరు తెచ్చినది 100 కౌంటు నూలు. అంటే ఒక పౌనుకు 84,000 గజాలు, సుమారు 76.8 కిలోమీటర్లు. ఒక గ్రాము నూలు ఇంచుమించు 169 మీటర్ల పొడవు ఉంటుంది. ఖాదీ లెక్కలో ఒక చిలప 1,000 మీటర్లు. 100 కౌంటు చిలప బరువు 6 గ్రాములైనా ఉండదు.

ఈ లెక్కను ఒక చీరకు అన్వయించి చూద్దాం. 5.5 మీటర్ల పొడవు, 48 అంగుళాల వెడల్పు గల చీరను అంగుళానికి 80 పోగుల చొప్పున నిలువుగానూ అడ్డంగానూ నేశారనుకొందాం. నిలువు పోగులు 3,840. వాటి పొడవు మొత్తం 21 కిలోమీటర్లకు పైమాట. అడ్డపోగులకు కూడా దాదాపు అంతే నూలు కావాలి. మొత్తం సుమారు 42 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి పోయే దారిలో సగానికి మించిన దూరం ఒక చీర మడతలో ఇమిడి ఉన్నదన్న మాట. దాని బరువు సుమారు 250 గ్రాములు. ఆ దూరమంతా ఎవరో ఒక స్త్రీ వేళ్ళ నడుమ నుంచి సాగినదే.

పడుగు, పేక, పువ్వు

మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులు పడుగు. అడ్డంగా నాడె మోసుకొనిపోయే పోగు పేక. చేతినూలు సుకుమారమైనది కనుక పడుగుకు గంజి పట్టించి బలపరుస్తారు. గుంటమగ్గం దగ్గర నేతగాడు గోతిలో కాళ్ళుంచి తొక్కుడు చెక్కలను నొక్కుతాడు. పడుగులో సగం పోగులు పైకి లేచి, సగం కిందికి దిగుతాయి. ఆ సందులోనుంచి నాడె పరుగెత్తుతుంది. పడుగుపేకలు ఒకదానినొకటి దాటుతూ పోతే వస్త్రం ఏర్పడుతుంది.

పువ్వు కావాలంటే ఈ క్రమంలో మరొక పోగు ప్రవేశించాలి. దీనినే జాందానీ పద్ధతి అంటారు. నాడె ఒకమారు పోయిన తరువాత నేతగాడు ఆగి, పువ్వు రావలసిన చోట పడుగుపోగులను లెక్కపెట్టి, చిన్న కండెకు చుట్టిన రంగునూలును వాటి మధ్య చేతితో దూర్చి వెనుకకు తీస్తాడు. మళ్ళీ నాడె వేస్తాడు. ఎన్ని పువ్వులుంటే అన్ని కండెలు. పువ్వు ఉన్న మేరకే రంగునూలు ఉంటుంది. ఢాకా ప్రాంతపు జాందానీ నేతను యునెస్కో 2013లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన రాష్ట్రంలో ఉప్పాడ, వెంకటగిరి ఈ నేతకు పేరుపొందాయి. పొందూరులో ఈ పువ్వు చేతినూలు మీద పూస్తుంది.

పువ్వును గీయడం

పువ్వును మగ్గం మీదికి తెచ్చే ముందు గళ్ళకాగితం మీద గీస్తారు. అడ్డంగా ఒక గడి ఒక పడుగుపోగుకు, నిలువుగా ఒక గడి ఒక పేకపోగుకు గుర్తు. తొలిసారి గీసేవారికి ఇక్కడ రెండు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది చోటు చిక్కు. అంగుళానికి 64 పడుగుపోగులు ఉన్న వస్త్రంలో 4 అంగుళాల మేర పువ్వులు నింపాలనుకొందాం. ఆ మేరలో 256 పోగులుంటాయి. పువ్వుకు 24 పోగులు, పువ్వుకూ పువ్వుకూ నడుమ ఖాళీకి 8 పోగులు తీసుకొంటే ఒక్కొక్క భాగానికి 32. అప్పుడు సరిగ్గా 8 పువ్వులు ఇముడుతాయి. పువ్వు కొంచెం పెద్దదిగా ఉంటే బాగుంటుందని 30 పోగులు తీసుకొని ఖాళీని 6 చేస్తే భాగానికి 36. అప్పుడు 7 పువ్వులు వచ్చి 4 పోగులు మిగిలిపోతాయి. ఆ నాలుగింటిని చెరొక అంచుకు రెండేసిగా పంచాలని ముందే నిర్ణయించుకోకపోతే వరుస ఒక పక్కకు ఒరిగినట్లు కనిపిస్తుంది.

రెండవది ఆకారపు చిక్కు. కాగితం మీద గడి నలుచదరం. వస్త్రంలో మాత్రం పడుగు, పేక సమానమైన దట్టంతో ఉండాలనే నియమం లేదు. అంగుళానికి 64 పడుగుపోగులు, 48 పేకపోగులు ఉన్నాయనుకొందాం. 24 గడుల వెడల్పు, 24 గడుల ఎత్తుతో గుండ్రని పువ్వును గీస్తే, వస్త్రం మీద దాని వెడల్పు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు; ఎత్తు అర అంగుళం. పువ్వు నిలువుగా సాగిపోతుంది. గుండ్రంగా రావాలంటే ఎత్తును 18 గడులకు తగ్గించి గీయాలి. అంటే వస్త్రం మీద సరిగా కనిపించవలసిన పువ్వు కాగితం మీద అణగినట్లుగా ఉండాలి.

తొలి మేజోళ్ళ జత

మగ్గం అందరి ఇళ్ళలోనూ ఉండదు. ఈ లెక్కను తమ చేతులతో తెలుసుకోదలచిన విద్యార్థులకు పూలు గల మేజోళ్ళ అల్లిక చక్కని మార్గం. నేతలో రెండు వరుసల పోగులు కావాలి. అల్లికలో పోగొక్కటే. సూదులపై దానినే ఉచ్చులుగా మలచి, ఉచ్చులోనుంచి ఉచ్చును లాగుతూ పోతే వస్త్రం పెరుగుతుంది. అందుకే మేజోడు సాగి, పాదానికి అతుక్కొంటుంది. ఈ కళ చాలా పాతది. మధ్యయుగాలనాటి ఈజిప్టులో నీలం, తెలుపు నూలుతో పూలు, పట్టెలు తీర్చిన మేజోళ్ళ భాగాలు నేటికీ ప్రదర్శనశాలలలో ఉన్నాయి. ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళ యంత్రాన్ని 1589లో రూపొందించాడు.

తొలి జతను తలపెట్టినవారు ముందుగా అరచేయంత నమూనాను అల్లి, అంగుళానికి ఎన్ని ఉచ్చులో లెక్కించాలి. ఈ పనిని విసుగని వదిలినవారి మేజోడు పాదానికి వదులైనా అవుతుంది, బిగువైనా అవుతుంది. పాదం చుట్టుకొలత 9 అంగుళాలు, నమూనాలో అంగుళానికి 8 ఉచ్చులు ఉంటే లెక్క ప్రకారం 72. మేజోడు కొంత సాగి పట్టుకోవాలి కనుక పదింట ఒక వంతు తగ్గించి 64 తీసుకొంటారు. ఈ 64 పువ్వును నిర్ణయిస్తుంది. 8 ఉచ్చుల పువ్వు 8 సార్లు, 16 ఉచ్చుల పువ్వు 4 సార్లు వస్తుంది. 12 ఉచ్చుల పువ్వును ఎన్నుకొంటే 5 సార్లు వచ్చి 4 ఉచ్చులు మిగులుతాయి. మేజోడు గుండ్రనిది కనుక మిగులును పంచడానికి అంచులు లేవు. మొదలు, తుది కలిసే చోట పువ్వు విరిగిపోతుంది.

ఆకారపు చిక్కు ఇక్కడా ఉన్నది. కాని అది తలకిందులు. అంగుళానికి ఉచ్చులు 8, వరుసలు 10 ఉంటే, 16 ఉచ్చులు, 16 వరుసల పువ్వు రెండు అంగుళాల వెడల్పు, 1.6 అంగుళాల ఎత్తుతో అణగిపోతుంది. దానికి 20 వరుసలు ఇవ్వాలి. రెండు రంగులతో అల్లేటప్పుడు వాడని రంగు పోగు లోపలివైపు వేలాడుతూ సాగుతుంది. అది అయిదారు ఉచ్చులకు మించి పొడవైతే కాలివేళ్ళు దానికి తగులుకొంటాయి. కాబట్టి పువ్వుల నడుమ ఖాళీని గీసేటప్పుడు అందాన్ని మాత్రమే కాక పాదాన్ని కూడా తలచుకోవాలి.

అన్నిటికంటె కష్టమైనది రెండవ మేజోడు. మొదటిదానిలో మడమ ఎన్నవ వరుసలో తిరిగిందో, పువ్వు ఎక్కడ ఆరంభమైందో వ్రాసుకొననివారికి జత కుదరదు. తప్పు కనిపించినప్పుడు అక్కడివరకు విప్పి మళ్ళీ అల్లడమే దారి. విప్పడం ఓటమి కాదు. విప్పిన నూలు తిరిగి పనికివస్తుంది. విప్పినవారి కన్ను మరింత నిశితమవుతుంది.

చేతికి దక్కవలసినది

ఇంత తెలుసుకొన్న తరువాత పొందూరు వస్త్రాన్ని మళ్ళీ చూద్దాం. 100 కౌంటు నూలును నేడు మిల్లులు సులభంగా, చౌకగా తీయగలవు. అటువంటప్పుడు చేతినూలు ఎందుకనే ప్రశ్న సహజం. యంత్రపు పోగు ఆద్యంతం ఒకేరీతిగా ఉంటుంది. చేతిపోగులో కంటికి ఆనీ ఆనని హెచ్చుతగ్గులు ఉంటాయి. ఆ వస్త్రానికి మెత్తదనాన్ని, గాలి ఆడే గుణాన్ని ఇచ్చేవి అవే. యంత్రం కాదన్న పొట్టి పింజ దేశవాళీ పత్తికి విలువ కల్పించేది కూడా ఈ చేతి పనే.

అయితే గుణం ఉన్నంత మాత్రాన వృత్తి నిలవదు. పువ్వును చూసి ధర చెల్లించేవారు పోగును చూడరు. ఏరడం, దువ్వడం, ఏకడం, వడకడం అనే పనులు ధర వివరించే వేళ మాటల్లోకి రావు. గంటల కొద్దీ కూర్చొని వడికినా వచ్చే ఆదాయం స్వల్పం కనుక, తల్లుల పక్కన కూర్చొని ఈ పని నేర్చుకొనే కుమార్తెలు తగ్గిపోతున్నారు. మిల్లునూలు వస్త్రాన్ని ఖాదీ పేరుతో అమ్మే మోసం వారికి మరొక దెబ్బ. దీనిని అరికట్టడానికే 2013లో 'ఖాదీ మార్క్' నిబంధనలు వచ్చాయి. 2015 నుంచి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఉత్సవం మంచిదే. కాని కొనేవారి ఎరుకే వృత్తికి నిజమైన ఆసరా.

వేళ్ళకు తెలిసిన విద్య పుస్తకంలో దాగదు. వాలుగ దవడను పట్టుకొనే తీరును, పోగు తెగబోయే క్షణాన్ని పసిగట్టే స్పర్శను ఒక తరం నేర్చుకోకపోతే తరువాతి తరానికి నేర్పేవారు ఉండరు. మేజోడు తప్పితే విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. తెగిన విద్యను అట్లా అతకడం కష్టం. ఒక్క గడి గీసి, ఒక్క వరుస అల్లి చూసిన విద్యార్థి వస్త్రాన్ని మునుపటి కంటితో చూడలేడు. పువ్వు దగ్గర ఆగిపోయే చూపును పోగు దాకా, పోగు నుంచి దానిని వడికిన చేతి దాకా నడిపించడమే హస్తకౌశలాన్ని గౌరవించడం.

కఠిన పదాలు - అర్థాలు

పింజ : పత్తి పీచు
ఏకు (క్రియ) : దూదిని విడదీసి మెత్తపరచు
ఏకు (నామవాచకం) : వడకడానికి సిద్ధంచేసిన దూది వత్తి
కదురు : రాట్నంలో పోగు చుట్టుకొనే సన్నని ఇరుసు
పురి : మెలి
చిలప : నూలు చుట్ట
పడుగు : నిలువు పోగులు
పేక : అడ్డపోగు
నాడె : పేకను అటూఇటూ మోసే సాధనం
కండె : నూలు చుట్టిన చిన్న పుల్ల
మేజోడు : పాదానికి తొడుగుకొనే అల్లిక తొడుగు
నిశితం : వాడియైనది

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పత్తి పోగుగా మారే క్రమాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. పువ్వును గీసేటప్పుడు ఎదురయ్యే రెండు చిక్కులను, వాటి పరిష్కారాలను సోదాహరణంగా తెలపండి.
3. 'వేళ్ళకు తెలిసిన విద్య పుస్తకంలో దాగదు' - ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. చేనేతకు, ఖాదీకి గల భేదం ఏమిటి?
2. వాలుగ చేప దవడ ప్రయోజనాన్ని తెలపండి.
3. రెండవ మేజోడు అల్లడం ఎందుకు కష్టం?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 100 కౌంటు నూలు ఒక పౌనుకు ఎన్ని గజాలు?
2. ఏకులను దేనిలో దాచుకొంటారు?

ఈ) సంధులు
స్వాతంత్ర్యోద్యమం = స్వాతంత్ర్య + ఉద్యమం - గుణసంధి
కార్మికాభివృద్ధి = కార్మిక + అభివృద్ధి - సవర్ణదీర్ఘసంధి
పోగొక్కటే = పోగు + ఒక్కటే - ఉత్వసంధి

ఉ) సమాసాలు
పడుగుపేకలు - పడుగును, పేకయును - ద్వంద్వ సమాసం
సన్ననూలు - సన్ననైన నూలు - విశేషణ పూర్వపద కర్మధారయం
హస్తకౌశలం - హస్తము యొక్క కౌశలం - షష్ఠీ తత్పురుషం

ఊ) భాషాకృత్యం
అంగుళానికి 60 పడుగుపోగులు, 40 పేకపోగులు గల వస్త్రం మీద గుండ్రంగా కనిపించే పువ్వును గళ్ళకాగితం మీద గీయండి. గీసిన విధానాన్ని పది వాక్యాలలో వివరించండి.